కిడ్నీ ఇచ్చేవారి ఖర్చుల లెక్క ముందే వేసుకోండి

కిడ్నీ మార్పిడికి డబ్బు సర్దుకునే ఇంట్లో లెక్కంతా రోగి చుట్టూనే తిరుగుతుంది. దాతకు పోయే కూలి, తిరుగుడు ఖర్చులు ఎవరికీ గుర్తురావు.

ముందు చట్టం సంగతి. కిడ్నీకి వెల కట్టడం నేరం. 2011లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా. అయితే దానం వల్ల నేరుగా అయిన ఖర్చులు, పోయిన సంపాదన తిరిగి ఇవ్వడాన్ని ఆ చట్టమే చెల్లింపుగా లెక్కించదు. అందుకే చేతికి నగదు ఇవ్వకండి. బ్యాంకు ద్వారా పంపి, టికెట్లు, మందుల బిల్లులు, జీతం కోత కాగితం దాచండి. దగ్గరి బంధువు కాని దాతనైతే మార్పిడికి అనుమతి ఇచ్చే ఆథరైజేషన్ కమిటీ పిలిచి అడుగుతుంది, అక్కడ ఇవే పనికొస్తాయి. దాత కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే గరిష్ఠంగా 42 రోజుల ప్రత్యేక సెలవు ఉంది.

ఇన్సూరెన్స్‌లో రోగి పాలసీయే చూడాలి. చాలా పాలసీలు దాతకు కిడ్నీ తీసే ఆపరేషన్ వరకే ఇస్తాయి. ముందు పరీక్షలు, తర్వాతి మందులు, ఏదైనా తేడా వచ్చి మళ్లీ చేరితే అయ్యే బిల్లు మీ జేబుదే. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ వారు ఆస్పత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను ఈ ప్రశ్న అడగాలి: ప్యాకేజీలో దాత పరీక్షలు ఉన్నాయా? ఇది మాటగా కాదు, కాగితం మీద తీసుకోండి.

పరీక్షల్లో బ్లడ్ గ్రూప్, క్రాస్‌మ్యాచ్ (ఇద్దరి రక్తం కలిపి, రోగి ఒంట్లో ఆ కిడ్నీపై దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది), మూత్రంలో ప్రోటీన్, జీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే లెక్క), సీటీ యాంజియో (కిడ్నీ రక్తనాళాల స్కాన్) ఉంటాయి. అన్నీ చేయించాక షుగరో బీపీయో బయటపడి దాత పనికిరాకపోవడం మామూలే, ఆ ఖర్చు తిరిగి రాదు. కాబట్టి చవకైన పరీక్షలు ముందు, సీటీ చివర.

ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) అయితే ఆస్పత్రిలో సాధారణంగా 3 నుంచి 5 రోజులు. కడుపులో నింపిన గ్యాస్ వల్ల భుజం నొప్పి రావచ్చు, కంగారు పడకండి. ఆఫీసు పనికి సుమారు నెల, బరువు పనికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. కూలి చేసుకునేవారికి ఆ రెండు నెలల ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టాలి.

మిగిలిన కిడ్నీ కొంత పెరిగి పని అందుకుంటుంది, అయినా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) మునుపటికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్ర పరీక్ష తప్పనిసరి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. పిల్లలు కావాలనుకునే స్త్రీలు దానానికి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి: తర్వాతి గర్భంలో బీపీ సమస్య అవకాశం కొంత పెరుగుతుంది.