ఉక్రెయిన్ లిపి నేర్చుకుందాం – రెండో పాఠం: ఇంగ్లీషు కన్ను, తెలుగు నోరు

ఖార్కివ్‌లో ఒక వీధిలో నడుస్తున్నారు, ఆకలేస్తోంది అనుకోండి. ఎదురుగా బోర్డు మీద ఎనిమిది పెద్దక్షరాలు: పి, ఇ, సి, టి, ఓ, పి, ఎ, హెచ్. ఇంగ్లీషు చదువుకున్న కన్ను వెంటనే "పెక్టోపా" అని చదివేస్తుంది. అలాంటి మాటే లేదు. అక్కడ రాసి ఉన్నది "రెస్తొరాన్". మనం రెస్టారెంట్ అంటామే, అదే.

ఈ పాఠం పూర్తయ్యేసరికి ఆ బోర్డు మీరు తడుముకోకుండా చదవాలి.

పోయిన పాఠంలో 33 అక్షరాల్లో ఏడింటిని పట్టుకున్నాం. ఎ, ఇ, ఐ, కె, ఎమ్, ఓ, టి ఆకారాలు. ఇవి ఇంగ్లీషులో ఎలా కనిపిస్తాయో ఇక్కడా అలాగే ఉంటాయి, శబ్దం కూడా దాదాపు అదే. వాటితో "మామ", "తాతొ" రాశారు. మామ అంటే అమ్మ, తాతొ అంటే నాన్న అని తెలిశాక ఇక ఆ రెండు మాటలూ మన తెలుగువాళ్లు మర్చిపోయే అవకాశమే లేదు. పద్ధతి ఇప్పుడూ అదే: అక్షరం ఆకారాన్ని నేను మాటల్లో చెబుతాను, మీరు పెన్సిలుతో నోటుబుక్కులో గీయండి. ఏ అచ్చుని ఒత్తి పలకాలో చూపడానికి దానికి దీర్ఘం ఇస్తున్నాను. ఉక్రెయిన్ భాషలో మనలాగా హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. ఉన్నది ఒత్తు మాత్రమే.

ఇప్పుడు మోసం చేసే ఆరు అక్షరాలు. ఇవి చూడటానికి అచ్చం ఇంగ్లీషు, పలికితే వేరు.

ఇంగ్లీషు పెద్ద హెచ్ ఇక్కడ "న". పి ఆకారం "ర". సి ఆకారం ఎప్పుడూ "స", ఎక్కడా "క" కాదు. వై ఆకారం "ఉ". ఈ నాలుగూ తెలుగు నోటికి కొత్త శబ్దాలు కావు. ముఖ్యంగా "ర": నాలుక కొస ఆడించి పలికే మన ర సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లీషువాళ్లకి నెలలు పట్టే పని మనకి పుట్టుకతో వచ్చింది. బోర్డు మీది మాటలో "త" కూడా అంతే, నాలుక పళ్లకి తగలాలి. రెస్టారెంట్ అలవాటుతో "ట" రానివ్వకండి.

ఐదోది పెద్ద బి ఆకారం. ఇది "వ". కింది పెదవి పై పళ్లకి గట్టిగా నొక్కకుండా మనం "వాన" అనేటప్పటి మెత్తటి వ. మాట చివర, హల్లు ముందు ఇదే "ఉ"లోకి జారుతుంది. ఆరోది ఎక్స్ ఆకారం. దీన్ని తెలుగులో "ఖ" అని రాస్తాం కానీ మనం "ఖాళీ"లో పలికే ఖ కాదు. నాలుక వెనక భాగాన్ని అంగిలికి దగ్గరగా తెచ్చి, తగలనివ్వకుండా, గాలి రాసుకుంటూ పోనివ్వాలి. హైదరాబాదు పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవాళ్లు "ఖబర్" అంటుంటే చెవిపెట్టి వినండి. ఆ మొదటి శబ్దమే ఇది.

ఇక చదవండి. సి, ఓ, హెచ్: సొన్, అంటే నిద్ర, కల కూడా. హెచ్, ఐ, సి: నిస్, ముక్కు. పి, ఓ, టి: రొత్, నోరు. పి, వై, కె, ఎ: రుకా, చెయ్యి. బి, వై, ఎక్స్, ఓ: వూఖొ, చెవి. ఓ, కె, ఓ: ఓకొ, కన్ను. చూశారా, ముఖంలో సగం చదివేశారు.

ఇక్కడ మన నోరు చేసే ఒక పొరపాటు ముందే పట్టుకోవాలి. మనం "ఒక" అని రాసి "వొక" అంటాం, "ఎలుక" అని రాసి "యెలుక" అంటాం. తెలుగులో దానివల్ల నష్టం లేదు. ఉక్రెయిన్ భాషలో ఉంది. ఆమె అనడానికి "వొనా", ఇందులో వ నిజంగా ఉంది, రాతలోనూ ఉంది. కన్ను అనడానికి "ఓకొ", ఇందులో లేదు. "వోకొ" అంటే తప్పే. అలాగే "ఎ"కి ఒక అక్షరం, "యె"కి ఇంకో అక్షరం ఉన్నాయి. రెండోది తర్వాతి పాఠాల్లో వస్తుంది. అప్పటిదాకా "ఎ"తో మొదలయ్యే మాట ముందు య చేరకుండా చూసుకోండి.

రెండో పొరపాటు చివర్లో. బస్ మనకి బస్సు, కార్ మనకి కారు. అదే చొప్పున "నిస్" అనాల్సిన చోట "నిస్సు" వచ్చేస్తుంది. ఉక్రెయిన్ భాషలో మాట చివర చేరే అచ్చు విభక్తిని మార్చేస్తుంది. "రిస్" అంటే బియ్యం, అన్నం. "రీసు" అంటే బియ్యపు, అన్నపు. హల్లు దగ్గర ఆగడం రాకపోతే చెప్పే విషయమే మారిపోతుంది. గోడ వైపు తిరిగి రోజూ పది నిమిషాలు దీన్ని అభ్యాసం చేయండి, సిగ్గుపడకండి.

"రిస్" రాయాలంటే కొత్త అక్షరం కావాలి. రెండు నిలువు గీతలు గీసి, ఎడమ గీత అడుగు నుంచి కుడి గీత తలకి ఏటవాలుగా కలపండి. పెద్ద ఎన్‌ని అద్దంలో చూసినట్టుంటుంది. నా లెక్కలో ఈ పాఠంలో కష్టమైనది ఇదొక్కటే, ఎందుకంటే ఈ శబ్దం మనకి లేదు. ఐ ఆకారం అచ్చమైన "ఇ". ఈ అద్దం ఎన్ "ఇ"కి "ఎ"కి మధ్యది. "ఇ" అనండి, ఆపకుండా "ఎ" వైపు మెల్లగా జారండి, సగం దారిలో ఆగండి. దవడ కాస్త దిగుతుంది, పెదాల చిరునవ్వు తగ్గుతుంది. అదే.

తేడా ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఐ పెట్టి రాసిన "కిత్" పిల్లి. అద్దం ఎన్ పెట్టి రాసిన "కిత్" తిమింగలం. ఐతో "రిస్" అంటే పెరిగాడు, అద్దం ఎన్‌తో "రిస్" బియ్యం. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే ఈ అక్షరం దగ్గర తెలుగు రాతని ఆధారం చేసుకోకండి. రెండు మాటలూ ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినండి. ఏది పిల్లో మీకే తెలియకపోతే మళ్లీ మొదలుపెట్టండి.

చివరిగా ఒక జంట. నిలువు గీత గీసి దాని తల నుంచి కుడికి చిన్న అడ్డగీత లాగండి. ఇది "హ". గొంతు మీద వేలు పెట్టి "మహా" అనండి. మధ్యలో గొంతు అదురు ఆగలేదు కదా, సరిగ్గా ఆ హ. మళ్లీ మన నోట్లో ఉన్నదే. "నొహా" కాలు, "హొరా" కొండ. రష్యన్‌లో ఇదే అక్షరాన్ని "గ" అంటారు. 2022లో మన పత్రికల్లో ఒకే ఊరు లుగాన్స్క్ అనీ లుహాన్స్క్ అనీ రెండు రకాలుగా కనబడింది అందుకే. ఉక్రెయిన్‌వాళ్లు అనేది లుహాన్స్క్.

అదే అక్షరానికి అడ్డగీత కొస నుంచి పైకి చిన్న కొక్కెం పెట్టండి. ఇప్పుడది మన "గ". చాలా తక్కువ మాటల్లో వస్తుంది, కానీ దాని వెనక పెద్ద కథ ఉంది. 1927లో, ఖార్కివ్ సోవియెట్ ఉక్రెయిన్ రాజధానిగా ఉన్నప్పుడు, పండితులు అక్కడే సమావేశమై భాషకి రాత నియమాలు చర్చించారు. మరుసటి ఏడు విద్యా కమిషనర్ మికోల స్క్రిప్నిక్ వాటిని ఆమోదించాడు. వాటిలో కొక్కెం గ ఉంది. 1933లో ఆయన మీద జాతీయవాది అనే ముద్ర వేశారు, ఆ జులైలో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. అదే ఏడు కొక్కెం గని అక్షరమాల నుంచి తొలగించారు. రష్యన్ లిపిలో అలాంటి అక్షరం లేదు. పరాయి దేశాల్లో స్థిరపడ్డ ఉక్రెయిన్‌వాళ్లు దాన్ని రాస్తూనే ఉన్నారు. సొంత గడ్డ మీద అది తిరిగి వచ్చింది 1990లో. ఒక శబ్దాన్ని నోటి నుంచి తీసేయలేరు, పుస్తకం నుంచి మాత్రం తీసేయగలరు. అందుకే ఆ చిన్న కొక్కెం గీసేటప్పుడు తొందరపడొద్దని నా మనవి. హతో "హ్రాతి" అంటే ఆడటం, గతో "గ్రాతి" అంటే కిటికీ ఊచలు. రెండింటి చివరా అద్దం ఎన్.

ఇంటిపని. ఎక్స్, ఎ, పి, కె, ఐ, బి. ఈ ఆరు అక్షరాలూ వరసగా రాసి, మొదటి అచ్చుని ఒత్తి పైకి చదవండి. యుద్ధానికి ముందు మన తెలుగు పిల్లలు చాలామంది డాక్టరు చదువుకోసం వెళ్లిన ఊరు. చివరి బి దగ్గర "వ్" అని పళ్లు బిగించకుండా పెదాలు గుండ్రంగా చుట్టి వదలండి.

వచ్చే పాఠానికి "చలి", "చేప" అని పదిసార్లు పైకి అని రండి. రెండు చ లూ ఒకటి కావని మీ నోటికి తెలుసు. ఉక్రెయిన్ లిపిలో వాటికి రెండు వేర్వేరు అక్షరాలున్నాయి.