మంచు పడకముందే కశ్మీర్ చేరాలని ఒంటరిగా విమానం ఎక్కేవారికి జాగ్రత్తలు

గత వారం ఉదయం పదకొండు గంటలకు ఢిల్లీ విమానాశ్రయం నుంచి ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఉండేది దిల్‌సుఖ్‌నగర్, ఉద్యోగం మాదాపూర్‌లో. సంక్రాంతి సెలవులకు ఒంటరిగా శ్రీనగర్ బయలుదేరింది. లోయలో భారీ హిమపాతం ఉంటుందని వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక ఇవ్వడంతో, మంచు పడేలోగా చేరిపోవాలని ప్రయాణాన్ని ఒక రోజు ముందుకు జరుపుకుంది. శంషాబాద్‌లో ఐదుంబావుకు లేవవలసిన విమానం ఢిల్లీ పొగమంచు వల్ల ఎనిమిదిన్నరకు లేచింది. ఆమె దిగేసరికి శ్రీనగర్ విమానం వెళ్లిపోయింది. ఆ రెండో విమానం వేరే సంస్థది, టికెట్ వేరు, టెర్మినల్ వేరు. ఢిల్లీకి చేర్చాం కాబట్టి మా బాధ్యత తీరిందని మొదటి సంస్థ చెప్పింది. సమయానికి రాలేదు కాబట్టి రెండో సంస్థ ఆమె పేరు ఎదుట 'నో-షో' అని రాసుకుంది. ఆ మధ్యాహ్నం శ్రీనగర్‌కు విమానాలు నడిచాయి గానీ, మిగిలిన సీట్ల ధర ఆమె మొదట పెట్టినదానికి నాలుగింతలు ఉంది. మరునాడు మంచు పడింది. మహిపాల్‌పూర్ హోటల్లో రెండు రాత్రులు గడిపి ఆమె హైదరాబాద్‌కు తిరిగి వచ్చేసింది.

అమీర్‌పేటలో టికెట్లు బుక్ చేసే చిన్న ఆఫీసు నడుపుతున్న నాకు ప్రతి చలికాలంలోనూ ఇదే కథ వినిపిస్తుంది. మనిషి మారతారు, టెర్మినల్ మారుతుంది, తప్పు మాత్రం మారదు. అందుకే స్వెట్టర్ల గురించి, ఆధార్ కార్డు గురించి, మూడు గంటల ముందు ఇల్లు కదలడం గురించి ఇక్కడ రాయను. అవన్నీ ఇంట్లో అమ్మ చెబుతుంది.

టికెట్ కొనేటప్పుడు

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు మరో టికెట్ విడివిడిగా కొనవద్దు. మనుషుల సెలవును, డబ్బును ఒకేసారి ముంచే తప్పు ఇదొక్కటే. ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద రెండు విమానాలూ ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు మిమ్మల్ని తరువాతి విమానంలో కూర్చోబెట్టవలసిన బాధ్యత సంస్థదే అవుతుంది. మీ బ్యాగుకు శంషాబాద్‌లోనే శ్రీనగర్ వరకూ ట్యాగు వేస్తారు కాబట్టి, మధ్యలో దాని కోసం మీరు బెల్టు దగ్గర నిలబడనక్కరలేదు. పీఎన్ఆర్‌లు రెండైతే, కంప్యూటర్ దృష్టిలో మీరు ఒకరికొకరు తెలియని ఇద్దరు ప్రయాణికులు. ఒకరి ఆలస్యంతో రెండో వారికి సంబంధం లేదు.

"మధ్యలో మూడు గంటల వ్యవధి ఉంది కదండీ" అని చాలామంది నాతో వాదిస్తారు. ఆ మూడు గంటల లెక్క ఒకసారి చూడండి. దేశీయ విమానాలకు చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కాబట్టి మిగిలింది రెండు గంటలు. విమానం దిగి, బ్యాగు బెల్టు మీదకు వచ్చేసరికి ముప్పావుగంట పోతుంది. మూడో టెర్మినల్ నుంచి ఒకటో టెర్మినల్‌కు మారాలంటే నడకదారి లేదు, బయటకు వచ్చి కొన్ని కిలోమీటర్లు రోడ్డు మీద పోవలసిందే. దానికి, మళ్లీ లోపలికి వెళ్లే వరుసకూ కలిపి ఇంకో ముప్పావుగంట వేసుకోండి. చివరికి మీ చేతిలో మిగిలేది అరగంట. జనవరిలో ఢిల్లీ పొగమంచు అరగంటతో వదిలిపెట్టదు.

శంషాబాద్‌లో ఆకాశం అద్దంలా ఉంటే విమానం ఎందుకు ఆగుతుందని అడిగేవారి కోసం ఒక మాట. ఢిల్లీ రన్‌వేల మీద ఉన్న క్యాట్-3 వ్యవస్థతో దృశ్యమానత 50 మీటర్లకు పడిపోయినా దిగవచ్చు. కానీ అందుకు తగిన పరికరాలు విమానంలో ఉండాలి, తగిన శిక్షణ పైలట్‌కు ఉండాలి. పైగా విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచుతారు కాబట్టి గంటకు దిగే విమానాల సంఖ్య తగ్గిపోతుంది. అక్కడ దిగే వంతు వచ్చేవరకూ మనల్ని ఇక్కడ నేల మీదే కూర్చోబెడతారు. మధ్యధరా సముద్రం వైపు పుట్టి ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మీదుగా వచ్చే 'వెస్టర్న్ డిస్టర్బెన్స్' అనే వాతావరణ అలజడి కొండల మీద మంచు కురిపిస్తుంది. అది దాటిపోతూ మైదానంలో వదిలే తేమ పొగమంచుగా మారుతుంది. అవి ఒకదాని వెనుక ఒకటి వచ్చే నెలల్లో, రేపు శ్రీనగర్‌లో పడబోయే మంచు నుంచి తప్పించుకుందామని ఈరోజు పరుగెత్తేవారు ఢిల్లీలో మొన్నటి తేమకు చిక్కుతారు.

ఒకే పీఎన్ఆర్ దొరకకపోతే ఢిల్లీలో ఒక రాత్రి పడుకోండి. ముందురోజు మధ్యాహ్నం పన్నెండు, నాలుగు గంటల మధ్య హైదరాబాద్‌లో లేచే విమానం పట్టుకోండి, ఎందుకంటే దట్టమైన పొగమంచు సాధారణంగా అర్ధరాత్రి నుంచి ఉదయం తొమ్మిది, పది వరకూ ఉంటుంది. మరునాడు శ్రీనగర్ విమానం కూడా తొలి జామువేళది కాకుండా చూసుకోండి. హోటల్ గదికి పెట్టే రెండు, మూడు వేలు వృథా అని లెక్క వేసినవారే మరునాడు కౌంటర్ దగ్గర పాతిక వేలు కట్టడం నేను చూశాను.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కొన్ని వెబ్‌సైట్లు రెండు వేర్వేరు సంస్థల టికెట్లను అతికించి, ఒకే ధర చూపించి, ఒకేసారి డబ్బు తీసుకుంటాయి. ఒకేసారి డబ్బు కట్టినంత మాత్రాన టికెట్ ఒకటి కాదు. రెండు విమానాల ఎదుటా ఉన్న ఆరక్షరాల పీఎన్ఆర్ ఒకటేనా అని మీ కళ్లతో చూసుకోండి. రెండు విమానాలూ ఒకే సంస్థవైనా పీఎన్ఆర్‌లు వేరైతే అవి రెండు టికెట్లే.

బయలుదేరే ముందురోజు

టికెట్ మీద ఎవరి ఫోన్ నంబరు ఉందో చూడండి. మన ఇళ్లలో టికెట్ బావగారో, ఆఫీసు స్నేహితుడో, నాలాంటి ఏజెంటో కొంటారు. విమానం మారిందన్న సందేశం వారికే వెళుతుంది, వారు నిద్రలో ఉంటారు. విమానసంస్థ యాప్‌లో మీ నంబరు, మీ మెయిల్ చేర్పించుకోండి.

ప్రీపెయిడ్ సిమ్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ మాత్రమే పనిచేస్తుంది. ఇద్దరు వెళితే రెండో ఫోనైనా ఉంటుంది, ఒంటరిగా వెళ్లేవారికి అదీ లేదు. ఉన్న నంబరునే నాలుగు రోజుల ముందు పోస్ట్‌పెయిడ్‌కు మార్చించుకోండి. హోటల్ పేరు, చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

శ్రీనగర్‌లో మంచు పడుతుందన్న వార్త చూసి కంగారుపడి టికెట్‌ను మీ అంతట మీరు రద్దు చేసుకోవద్దు. మీరు రద్దు చేస్తే కోత పడుతుంది, సంస్థ రద్దు చేస్తే పూర్తి వాపసు గానీ మరో విమానం గానీ మీ హక్కు. ఆరు గంటలకు మించిన ఆలస్యానికీ పౌర విమానయాన డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం అదే ఎంపిక ఉంది. అయితే వాతావరణం కారణమైనప్పుడు నష్టపరిహారం రాదు. దాని కోసం కౌంటర్ దగ్గర గొంతు చించుకోవడం అనవసరం. నో-షో పడినా, విమానాశ్రయ రుసుములు, ప్రభుత్వ పన్నులు తిరిగి వస్తాయి. చాలామంది అడగక వదిలేస్తారు. రాతపూర్వకంగా అడగండి.

విమానాశ్రయంలో, ఆ తరువాత

ఆలస్యం ప్రకటించగానే అందరూ కౌంటర్ వైపు పరుగెత్తుతారు. మీరు వరుసలో నిలబడే ఫోన్‌లో యాప్ తెరవండి, అదే సమయంలో హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఈ మూడింటిలో ఏది ముందు పలికితే దానితో పని జరిపించుకోండి. కుటుంబంతో వెళ్లినవారిలో ఒకరు వరుసలో ఉంటే మరొకరు ఫోన్ పట్టుకుంటారు. మీకు ఆ సదుపాయం లేదు.

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకవద్దు. టికెట్ మీద ఉన్నదే వాడండి. కంగారులో ఉన్న ప్రయాణికుల కోసమే దొంగ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవారు ఉన్నారు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. చెకిన్ బ్యాగులో అనుమతించరు.

మూడు రోజుల మందులు, ఒక జత ఉన్ని బట్టలు, చార్జర్ కూడా చేతిసంచిలోనే. బ్యాగు మీకంటే రెండు రోజులు వెనుక రావచ్చు.

ఆవకాయ సీసా మాత్రం చేతిసంచిలో వద్దు. భద్రతా తనిఖీలో పోతుంది.

బ్యాగును పక్కవారికి అప్పగించి టీకి వెళ్లవద్దు.

విమానాన్ని జైపూర్‌కో అమృత్‌సర్‌కో మళ్లిస్తే, దిగిపోతానని పట్టుబట్టవద్దు. దిగితే మీ ప్రయాణం అక్కడితో ముగిసినట్లే, బ్యాగు కోసం వేరే పోరాటం.

విమానం రద్దయిందని జమ్మూ చేరి షేరింగ్ టాక్సీ ఎక్కవద్దు. మంచు పడితే జమ్మూ-శ్రీనగర్ రహదారి రాంబన్, బనిహాల్ దగ్గర మూసుకుపోతుంది. 2024 డిసెంబరు చివరి వారంలో శ్రీనగర్ విమానాలు ఆగిన రోజునే ఆ రోడ్డూ ఆగింది. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందేభారత్ రైలు నడుస్తోంది. అందులో సీటు ఖాయమైతేనే కట్రా వైపు కదలండి.

శ్రీనగర్ విమానాశ్రయం వాయుసేన స్థావరంలో ఉంది. కిటికీలోంచి ఫొటోలు తీయవద్దు.

గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు.

తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు కొనవద్దు. వెళ్లేటప్పుడు ఒకే పీఎన్ఆర్ తీసుకుని, వచ్చేటప్పుడు ఎనిమిది వందలు మిగులుతున్నాయని విడివిడిగా కొన్నవారు నా దగ్గరే ముగ్గురున్నారు. శ్రీనగర్ నుంచి వచ్చే విమానాలకే ఆలస్యాలు ఎక్కువ, రన్‌వే మీది మంచు తొలగించాకే అవి లేస్తాయి.

సోమవారం ఆఫీసు పెట్టుకుని ఆదివారం సాయంత్రం విమానానికి తిరుగు టికెట్ కొనవద్దు. శనివారం విమానానికి కొనండి.

ఇప్పటికే రెండు పీఎన్ఆర్‌లు కొనేసి ఉంటే, ఈ రాత్రే మొదటి విమానాన్ని ముందురోజు మధ్యాహ్నానికి మార్చుకోండి. మార్పు రుసుము ఎంతైనా కట్టేయండి.