డ్రైవర్లు అప్‌డేట్ చేసే ముందు: రికవరీ కీ కాగితం మీద ఉందా?

2024 జూలై 19న కంప్యూటర్ భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు ఫైల్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. విరుగుడు చిన్నదే: సేఫ్ మోడ్‌లో (అవసరమైనవాటితోనే విండోస్ తెరుచుకునే పద్ధతి) ఆ ఫైల్ తీసేయడం. కానీ డిస్క్‌కి బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) ఉన్నచోట అక్కడిదాకా వెళ్లాలన్నా 48 అంకెల రికవరీ కీ కావాలి. ఇంట్లో డ్రైవర్ అప్‌డేటర్ (వైఫై, ఆడియో లాంటివాటిని విండోస్‌తో నడిపించే డ్రైవర్ ప్రోగ్రాములను కొత్తవి చేసే సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లకూ ఇదే గండం.

ముందు కీ

"నేను బిట్‌లాకర్ పెట్టలేదే" అంటారు. మీరు పెట్టక్కర్లేదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా లాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే బిట్‌లాకర్ తాళమే, దానంతటదే ఆన్ అవుతుంది. కీ ఆ అకౌంట్‌లోకి పోతుంది. షాపులో కుర్రాడు తన ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే, కీ అతని అకౌంట్‌లోనే ఉంటుంది.

ఇక అప్‌డేటర్ జాబితా చూడండి. ఆడియో, వైఫై, బ్లూటూత్ మధ్యలో "ఫర్మ్‌వేర్" అనో "బయోస్" అనో ఒక లైను ఉండొచ్చు, అంటే విండోస్ కంటే ముందే నడిచి కంప్యూటర్‌ని ఆన్ చేసే మూల ప్రోగ్రామ్. "అప్‌డేట్ ఆల్" నొక్కితే అదీ ఎక్కేస్తుంది. బయోస్ మారితే, ఇది మునుపటి మెషీనే అని టీపీఎం చిప్ (బిట్‌లాకర్ తాళాన్ని కాపాడే భద్రతా చిప్) నమ్మకపోవచ్చు. అప్పుడు రీస్టార్ట్ కాగానే తెర మీద కీ అడుగుతుంది. కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తీసివ్వలేరు. పిల్లల ఫొటోలు, ట్యాలీ డేటా, థీసిస్, బ్యాకప్ లేనివన్నీ పోయినట్టే.

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్ పేజీ తెరిచి, మీ మెషీన్ కింద ఉన్న కీని, కీ ఐడీలోని మొదటి 8 అక్షరాలతో సహా కాగితం మీద రాసుకోండి. ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు. రాశాక ఒకసారి సరిచూడండి. అదే లాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్‌గా దాస్తే తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టే.

ఎర్ర అక్షరాలకు బెదరకండి

అప్‌డేటర్ "23 డ్రైవర్లు పాతబడ్డాయి" అని చూపిస్తుంది. వాటిలో కొన్నింటి తేదీ 1968 జూలై 18 అని ఉంటుంది. అది ఇంటెల్ కంపెనీ పుట్టినరోజు. తయారీదారు ఇచ్చిన అసలు డ్రైవర్‌ని తోసేయకూడదని చిప్‌సెట్ ఫైళ్లకు కావాలనే ఆ తేదీ వేస్తారు. విండోస్‌తో వచ్చే డ్రైవర్ల మీద 2006 జూన్ 21 కనిపించేదీ ఇలాంటి కారణానికే. తేదీ చూసి పాతదనుకోకండి.

వెనక్కి వచ్చే దారి

రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్ సెట్టింగులను ఇప్పటి స్థితికి తెచ్చే గుర్తు) మీ చేత్తో మీరే పెట్టుకోండి. గత 24 గంటల్లో ఒకటి ఉంటే, సాఫ్ట్‌వేర్ అడిగినా విండోస్ మామూలుగా రెండోది చేయదు. చాలా మెషీన్లలో రీస్టోర్ పాయింట్లు దాచే సిస్టమ్ ప్రొటెక్షన్ అసలు ఆఫ్‌లోనే ఉంటుంది, ముందు అది ఆన్ చేయండి. డివైస్ మేనేజర్‌లోని రోల్ బ్యాక్ ఒక్క మెట్టే వెనక్కి తెస్తుంది. ఒకే డ్రైవర్‌ని వరుసగా రెండుసార్లు మార్చారా, బాగా పనిచేసిన వెర్షన్ దానికి అందదు.

ఇక మిగతావి:

- కీ రాసుకున్నారా? లేకపోతే ఇక్కడే ఆగండి.
- "అప్‌డేట్ ఆల్" నొక్కొద్దు. ఒక్కోసారి ఒక్కటే, రీస్టార్ట్ చేసి, ఒక రోజు వాడి చూసి, తర్వాతదానికి వెళ్లండి.
- లాప్‌టాప్ అయితే ముందు తయారీదారు టూల్, తర్వాత విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్. బయటి అప్‌డేటర్ అన్నిటికంటే చివర్లోనే.
- వైఫై, ల్యాన్ డ్రైవర్లు పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. నెట్ పోతే డౌన్‌లోడ్ దేంతో చేస్తారు?
- డిస్క్‌ని నడిపించే స్టోరేజ్ కంట్రోలర్, ఇంటెల్ వీఎండీ డ్రైవర్లు బాగా పనిచేస్తుంటే ముట్టుకోవద్దు. తేడా వస్తే విండోస్ బూట్ కాదు.
- బయోస్ తయారీదారు ఇచ్చిందే వేయండి, చార్జర్ పెట్టి, బ్యాటరీ నిండాక. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకపోతే వేయొద్దు, కరెంటు మధ్యలో పోతే బోర్డు పోవచ్చు.
- బయోస్‌కి ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి, అంటే కాసేపు ఆపండి. బయటి అప్‌డేటర్ చేస్తుందని నమ్మకండి. సస్పెండ్ చేసినా కీ కాగితం చేతిలో ఉండాలి.
- మెమరీ ఇంటెగ్రిటీ (హానికర ప్రోగ్రాములు విండోస్ లోపలికి చొరబడకుండా ఆపే రక్షణ) ఆపమని అడిగే డ్రైవర్ వద్దు.
- పరీక్ష, జీఎస్టీ రిటర్న్ గడువు, ఇంటర్వ్యూ ముందురోజు వద్దే వద్దు.
- కీ రాసుకోకుండానే చేసేశారా, తెర మీద అడుగుతోందా? ఫార్మాట్ చేయమంటే ఒప్పుకోకండి. కీ ఐడీ రాసుకుని మీ పాత ఈమెయిళ్లు, ఆఫీసు, కాలేజీ అకౌంట్లు, సెటప్ చేసినవాళ్ల అకౌంట్ అన్నీ వెతికించండి.