కథ రాద్దాం రండి, 4వ పాఠం: పోలిక ఎవరి కంటిది?

పోయిన పాఠంలో, మీ ఊరి బస్టాండు మీద ఒక్క పోలిక కూడా లేకుండా ఐదు వాక్యాలు రాయమన్నాను. మూడో వాక్యం దాటేసరికి 'లా' అనే అక్షరం కలం కొసకి వచ్చేసి ఉంటుంది. ఈసారి దాన్ని రానిద్దాం.

ముందు బళ్ళో చదువుకున్నది కాస్త గుర్తుచేసుకుందాం. 'అప్ప వేళ్ళు కాల్చిన జీడిపిక్కల్లా నల్లగా ఉన్నాయి.' ఇందులో వేళ్ళు ఉపమేయం, అంటే మనం చెప్పదలచుకున్నది. జీడిపిక్కలు ఉపమానం, అంటే పోలికకి తెచ్చుకున్నది. నల్లదనం సమానధర్మం. 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, వాటిలో ఏది లోపించినా లుప్తోపమ. పదో తరగతిలో రెండు మార్కులకి ఇది సరిపోయింది. ఇప్పుడు మనకి కావలసింది, ఆ జీడిపిక్కలు అక్కడికి ఎలా వచ్చాయన్నది.

నా మొదటి కథలో అవి లేవు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఒకావిడ గురించి రాస్తూ, 'ఆమె ముఖం పున్నమి చందమామలా వెలిగిపోతోంది' అన్నాను. చాలా బాగా రాశాననుకుని మా అప్పకి చదివి వినిపించాను. ఆవిడా అదే పని చేసేది. అంతా విని, 'సందమామేటిరా? నా సెయ్యి సూసి రాయి' అని అరచెయ్యి నా ముందు పెట్టింది. జీడి రసం ఒంటికి తగిలితే చర్మం పొక్కుతుంది, ఊడుతుంది, మరక వారాల తరబడి వదలదు. ఆ చెయ్యి నేను రోజూ చూస్తున్నదే, అన్నం పెట్టించుకున్నదే. కథ రాయడానికి కూర్చునేసరికి మాత్రం ఆకాశం కేసి చూశాను.

చందమామ తప్పని కాదు. అప్పటికే లక్షమంది వాడేసిన పోలిక అది. చదివేవాడి కన్ను దానిమీద ఆగదు. నిమ్మకు నీరెత్తినట్టు, బూడిదలో పోసిన పన్నీరు కూడా అలాంటివే. మాటల్లో బాగానే ఉంటాయి, పాత్ర నోట పలికించొచ్చు. కథ చెప్పేవాడు తన గొంతుతో అంటే మాత్రం బద్ధకంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ వాక్యాన్ని విప్పి చూద్దాం. 'నల్లగా' తీసెయ్యండి. 'అప్ప వేళ్ళు కాల్చిన జీడిపిక్కల్లా ఉన్నాయి.' సమానధర్మం పోయింది, లుప్తోపమ అయింది. పోయిందేమైనా ఉందా? నాకైతే పెరిగిందనిపిస్తుంది. ఇంతకు ముందు రంగు ఒక్కటే చెప్పాం. ఇప్పుడు ముడతలున్నాయి, గట్టిదనం ఉంది. పలాస వైపు వాళ్ళకైతే చురుక్కుమనే రసం, లోపల దాగిన తెల్లటి పప్పు కూడా గుర్తొస్తాయి. కారణం మనం చెప్పకపోతే చదివేవాళ్ళే వెతుక్కుంటారు.

ఇంకో మెట్టు. 'లా' కూడా తీసేస్తే 'అప్ప చెయ్యి ఒలవని జీడిపిక్క' అవుతుంది. ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదన్నాం కాబట్టి ఇది రూపకం. బలం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. ఒకసారి చెయ్యి జీడిపిక్క అయ్యాక, తరవాతి వాక్యంలో అదే చెయ్యి 'ఎండిన ఏరు' కాకూడదు. నేను ఒక పేరాలో ఒక రూపకమే పెట్టుకుంటాను. రెండోది ఎంత ముద్దొచ్చినా ఇంకో కథకి దాచుకుంటాను.

అసలు సంగతికి వస్తే, పోలిక చూసేవాడి బతుకులోంచి రావాలి. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకులు చేసి నూలు వడుకుతారు. ఆ పని చేసే ముసలమ్మ తలెత్తితే మబ్బు ఏకిన పత్తిలా కనిపిస్తుంది. కళింగపట్నంలో వల బాగుచేసుకునే తాతకి అదే మబ్బు రేపు వేటకి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న, అందులో అందం కోసం అతను వెతకడు. ముసలమ్మ పోలిక తాత నోట పెట్టారంటే అక్కడ పాత్ర చచ్చిపోయి రచయిత బయటికి వచ్చేస్తాడు.

పోలిక తిరగబడటం కూడా చూడండి. విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. అంత పొడుగు మాను కొసన పూజారి కూర్చుని ఉంటాడు. ఆ ఊళ్ళో పెరిగిన కుర్రాడు ఎక్కడో హైదరాబాదులో క్రేను చూసి 'సిరిమానులా ఉంది' అంటాడు. ఉద్యోగానికని విజయనగరానికి కొత్తగా వచ్చిన సైట్ ఇంజనీరు సిరిమాను చూసి 'క్రేనులా ఉంది' అంటాడు. వస్తువులు అవే రెండు. ఎవడు ఎక్కడివాడో, దేనికి దూరమయ్యాడో ఒక్క 'లా'లో తెలిసిపోయింది. మీరు విడిగా పరిచయం రాయక్కర్లేదు.

ఉత్ప్రేక్ష, అతిశయోక్తి వచ్చే పాఠంలో. వాటికంటే ముందు స్వభావోక్తి గురించి ఒక మాట. ఉన్నదాన్ని ఉన్నట్టు, కళ్ళకు కట్టేలా చెప్పడం. ఇదీ అలంకారమేనా అని పాతకాలంలోనే తగువుంది. పాత సంస్కృత అలంకారశాస్త్రజ్ఞుల్లో భామహుడికి దీనిమీద అంత మక్కువ లేదు, దండి మాత్రం అర్థాలంకారాల్లో మొదట దీన్నే చెప్పాడు. నా ఓటు దండికే, కారణం మా శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు అక్కడి కొబ్బరితోటలు నేలకూలాయి. దానిమీద నేను మొదట 'రాక్షసిలా విరుచుకుపడింది' అని రాసి కొట్టేశాను. తరవాత ఇలా రాశాను: 'మామ నిలబడ్డ ఒకే ఒక్క చెట్టు కింద కూర్చుని పడిపోయినవి లెక్కపెట్టాడు. ముప్పై దాకా వచ్చి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.' పోలిక లేదు. పెడదామని చాలాసేపు చూశాను, ఎక్కడ పెట్టినా మామకి అడ్డొచ్చింది.

ఇక అభ్యాసం. మీ ఇంట్లోనో వీధిలోనో చేతిపని చేసే ఒకరిని ఎంచుకోండి. వాళ్ళ పనిలో వాడే మాటలు పది అడిగి రాసుకోండి, పుస్తకంలో వెతకొద్దు. ఆ పదిలోంచే ఉపమానం తీసుకుని, కరెంటు పోయిన రాత్రిని వాళ్ళ కళ్ళతో ఒక్క వాక్యంలో చెప్పండి. మొదట నాలుగు అంగాలతో, తరవాత సమానధర్మం తీసేసి, ఆఖరున రూపకంగా. మూడింట్లో ఏది ఉంచుకుంటారో, ఎందుకో పక్కన రాసుకోండి.

శ్రీకాకుళం దగ్గర్లో ఉన్నవాళ్ళకి ఇంకో పని. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ప్రారంభించిన కథల గ్రంథాలయం, కథానిలయానికి ఒక మధ్యాహ్నం వెళ్ళండి. పాత పత్రికల్లోంచి ఏవైనా మూడు కథలు చదివి, పోలికలన్నీ నోటుబుక్కులో ఎత్తి రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా అది పాత్రదో రచయితదో రాయండి. వచ్చే పాఠానికి ఆ నోటుబుక్కు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి.