సగం మంది బంగారమంటారు, సగం మంది దండగంటారు: కొత్త ట్యాబ్ రివ్యూలు చదివే పద్ధతి

మొన్నామధ్య ఒక మధ్యాహ్నం మా లెక్కల మాస్టారు గొడుగు మడుచుకుంటూ షాపులోకొచ్చి, తన ఫోన్ నా బల్ల మీద పెట్టారు. "ఒరేయ్, ఈ ట్యాబ్ మార్కెట్లోకొచ్చి పది రోజులు కాలేదు. సగం మంది బంగారమంటున్నారు, సగం మంది దండగంటున్నారు. ఇందులో అబద్ధమాడేదెవర్రా?"

"చాలామటుకు ఎవరూ కాదండీ" అన్నాను. ఏలూరులో ఫోన్లూ ట్యాబ్‌లూ రిపేరు చేయబట్టి నాకు పద్నాలుగేళ్లు. కొత్త సరుకు దిగిన ప్రతిసారీ ఇదే గోల. ఎవరి అవసరం వాళ్లది, ఎవరి మాట వాళ్లది. అన్నీ ఒకే చోట కుప్పపోస్తే తగాదాలా కనిపిస్తాయి. టీ తెప్పించి, ఇద్దరం కూర్చుని ఆ కుప్ప విడదీశాం. మాస్టారి కుర్చీలో మీరున్నారనుకుని చదవండి.

ముందు ఫోన్ పక్కన పెట్టేసి, ఆ ట్యాబ్‌తో రోజూ ఏం చేస్తారో కాగితం మీద రాయండి. మాస్టారు రాసిందిది: "పొద్దున పేపరు, పగలు పాత పుస్తకాల పీడీఎఫ్‌లు, రాత్రి డాలస్‌లో మనవడితో వీడియో కాల్." అంతే. గేముల్లేవు, బొమ్మలు గీసేది లేదు. అంటే గేముల్లో వేడెక్కుతోందని తిట్టినవాడి మాట మనకి పనికిరాదు, పెన్ను అద్భుతమని పొగిడినవాడిదీ పనికిరాదు. సగం రివ్యూలు అక్కడే రాలిపోయాయి.

తర్వాత అయిదు నక్షత్రాలవీ ఒక నక్షత్రానివీ పక్కన పెట్టండి. మొదటి వారంలో పడే అయిదు నక్షత్రాలు చాలావరకు డబ్బా విప్పిన ముచ్చటే. "చూడ్డానికి బాగుంది, రంగు బాగుంది, ఇప్పుడే వచ్చింది, వాడి చెబుతా." ఆ చెప్పడానికి మళ్లీ వచ్చేవాడు అరుదు. ఒక నక్షత్రం వాళ్లలో కొందరి కోపం డెలివరీ కుర్రాడి మీద, ట్యాబ్ మీద కాదు. అసలు సరుకు రెండు, మూడు నక్షత్రాల దగ్గర ఉంటుంది. అక్కడ రాసినవాడు కొంత మెచ్చుకుని కొంత విసుక్కుంటాడు, ఎందుకో కూడా చెబుతాడు.

ఇది నాకు ఊరికే అబ్బలేదు. 2020లో బళ్లు మూసేసినప్పుడు మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పుడే విడుదలైన ఒక ట్యాబ్ కొన్నా. కంపెనీ పేరు ఎందుకులెండి. విడుదలై మూడో రోజు, అన్నీ అయిదు నక్షత్రాలే. నేనే రిపేరు చేసేవాణ్ణి, నన్నెవడు మోసం చేస్తాడన్న ధీమా ఒకటి. తీరా చూస్తే ర్యామ్, అంటే నడుస్తున్న యాప్‌లకి దొరికే జాగా, 2 జీబీయే. క్లాసు యాప్‌లో టీచరు వీడియో నడుస్తుండగా బోర్డు తెరిస్తే చాలు, గొంతు ముక్కలైపోయేది. "నాన్నా, మేడమ్ మళ్లీ రోబో అయిపోయింది" అని అమ్మాయి కేక. నేను కొన్న మూడు వారాలకి అదే సంగతి పదిమంది రాశారు. అప్పటికి వాపసు గడువు దాటిపోయింది.

ఇక మాస్టారి పని. నా పాత ఖాతా పుస్తకంలో ఒక పేజీకి గీతలు కొట్టించాను: ఎవరు, ఎన్నాళ్లు వాడారు, దేనికి, ఏమన్నారు. చివర్లో ఇంకో గడి: "అప్‌డేట్‌తో పోతుందా, పోదా." అన్నిటికన్నా ముఖ్యం ఆ గడే. మొదటి ఐప్యాడ్ సంగతి చూడండి. 2010 జనవరి 27న చూపించారు, ఏప్రిల్ 3న అమెరికాలో అమ్మకానికి పెట్టారు. "ఇంత గొప్పలు పోయి కెమెరా లేదేంటి, ఫ్లాష్ వీడియోలు ఆడవేంటి, ఒకేసారి రెండు యాప్‌లు నడవవేంటి, ఇది పెద్ద సైజు ఐపాడేగా" అని ఎగతాళి చేసినవాళ్లు కోకొల్లలు. అదే ఐప్యాడ్ మొదటి రోజే 3 లక్షలు, 28 రోజుల్లో 10 లక్షలు అమ్ముడుపోయింది. రెండు పక్షాలూ నిజమే చెప్పాయి. కాకపోతే రెండు యాప్‌ల ఫిర్యాదు ఆ నవంబరులో వచ్చిన ఐఓఎస్ 4.2 అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తీరింది. కెమెరా ఫిర్యాదు తీరలేదు. దానికి 2011 మార్చిలో కెమెరాతో ఇంకో ఐప్యాడే రావాల్సి వచ్చింది.

విద్యార్థుల కోసం ప్రభుత్వం తెచ్చిన మన ఆకాశ్ ట్యాబ్‌దీ అదే కథ. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేశారు. బిగించింది మన హైదరాబాద్‌లోనే. రెండు వేల చిల్లరకి ట్యాబా అని మెచ్చుకున్నవాళ్లు ధరని మెచ్చుకున్నారు. తిట్టినవాళ్లు 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్నీ, గోరు పెట్టి నొక్కితే గానీ కదలని రెసిస్టివ్ తెరనీ తిట్టారు. ఏ అప్‌డేటూ ఆ తెరని మార్చలేదు. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్ 2లో గానీ వేలు తాకితే కదిలే కెపాసిటివ్ తెర, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ రాలేదు. కాబట్టి తెర, ర్యామ్, బరువు, స్పీకరు మీద ఫిర్యాదు కనిపిస్తే ఆ గడిలో "పోదు" అని రాసేయండి. నోటిఫికేషన్లు రావట్లేదు, కెమెరా యాప్ మూసుకుపోతోంది లాంటివైతే "పోవచ్చు".

ఫిర్యాదు ఒకటి, దాని వెనక కారణం ఇంకొకటి కూడా అవుతుంది. మాస్టారి ట్యాబ్ కింద నాలుగు రకాలు మళ్లీ మళ్లీ కనిపించాయి.

"ఛార్జింగ్ ఎంతకీ ఎక్కట్లేదు" అన్నది ఒకటి. బ్యాటరీ 8000 ఎంఏహెచ్, డబ్బాలో ఇచ్చిన ఛార్జరు 10 వాట్లు. మాస్టారు అక్కడికక్కడే లెక్క కట్టారు: ఎనిమిది ఆంపియర్ గంటల్ని 3.8 వోల్టులతో హెచ్చిస్తే ముప్పై చిల్లర వాట్ గంటలు, పదితో భాగిస్తే మూడు గంటలు. మధ్యలో వేడికి పోయేది కలిపితే మూడున్నర, నాలుగు. బ్యాటరీలో లోపమేం లేదు, ఛార్జరు చిన్నది. ట్యాబ్ ఎన్ని వాట్లు తీసుకోగలదో చూసి, ఎక్కువైతే ఛార్జరు విడిగా కొనుక్కోవచ్చు.

"తెర 2కే అన్నారు, నెట్‌ఫ్లిక్స్ మసకగా ఉంది" అన్నది రెండోది. చాలాసార్లు ఇది వైడ్‌వైన్ సంగతి, అంటే సినిమాలు కాపీ కాకుండా వేసే తాళం. ట్యాబ్‌కి ఎల్1 అనుమతి లేక ఎల్3 మాత్రమే ఉంటే, తెర ఎంత మంచిదైనా నెట్‌ఫ్లిక్స్ మామూలు ఎస్‌డీ బొమ్మే ఇస్తుంది. సినిమాలు చూసేవాళ్లు దీన్ని వదలొద్దు. మాస్టారికి అక్కర్లేదు, కొట్టేశాం.

"సిమ్ ఎక్కడ పెట్టాలో తెలీట్లేదు" అన్నవాళ్లు వైఫై మోడల్ కొని సిమ్ గురించి అడుగుతున్నారు. పేరు చివర వైఫై అనో, సిమ్ పట్టేదైతే ఎల్‌టీఈ అనో, 5జీ అనో ఉంటుంది, చూసుకోండి. వైఫై దానికి ఓటీపీ మెసేజీలు రావు.

"8 జీబీ ర్యామ్ అన్నారు, ఈడ్చుకుంటోంది" అన్నది నాకు ఒళ్లు మండే రకం. చిన్నక్షరాల్లో 4 ప్లస్ 4 అని ఉంటుంది. రెండో నాలుగూ ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి అరువు తెచ్చిన జాగా. పాలలో నీళ్లు పోసి రెండు లీటర్లన్నట్టు. అసలు ర్యామ్ ఎంతో ఆ ఒక్క అంకె చూడండి.

డబ్బిచ్చి రాయించినవీ ఉంటాయి. డబ్బా అడుగున "అయిదు నక్షత్రాలిచ్చి ఫొటో పంపితే వంద రూపాయలు" అనే చీటీ నా బల్ల మీదకి చాలాసార్లే వచ్చింది. ఆన్‌లైన్ రివ్యూలు నిజాయితీగా ఉండాలని 2022 నవంబరులో మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ "ఐఎస్ 19000" అని ఒక ప్రమాణం పెట్టింది, అయితే పాటించడం కంపెనీల ఇష్టానికి వదిలేసింది. అందుకని మీ కన్నే మీకు కాపలా. ఒకే రోజు పడినవి, ఒకే మాటతో మొదలయ్యేవి, ట్యాబ్ పూర్తి పేరు ప్రకటనలోలా రాసినవి దాటేయండి.

పేజీ నిండాక షాపుకెళ్లి నమూనా ముక్క చేతిలోకి తీసుకోండి. తెల్ల బొమ్మ పెట్టి, వెలుగు పూర్తిగా పెంచి, నాలుగు మూలలూ చూడండి. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం పీడీఎఫ్ ఒకటి మెయిల్లో ఉంచుకుని వెళ్లి తెరవండి. పేజీ తిప్పగానే ఒత్తులు మసకబారి ఎంతసేపటికి తేరుకుంటాయో చూస్తే ఆ ట్యాబ్ సత్తా తెలిసిపోతుంది. అడ్డంగా పట్టుకున్నప్పుడు అరచేతులు స్పీకర్లని మూసేస్తున్నాయేమో చూడండి. సేల్స్ కుర్రాడు తొందరపెడితే పెట్టనివ్వండి.

కొనేముందు వాపసు షరతు చదవండి. చాలావాటికి డబ్బు తిరిగివ్వరు, ముక్క మార్చి ఇస్తారంతే, అదీ కొద్ది రోజుల్లోపే. డబ్బా విప్పేటప్పుడు సీలు కనబడేలా వీడియో తీయండి, గడువు దాటేదాకా డబ్బా అటక మీద పారేయకండి. ఆ రోజుల్లో ట్యాబ్‌ని ముద్దుచేయకుండా కాగితం మీద రాసుకున్న పనులన్నీ చేయించండి. లోపం ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇంతా చేశాక మాస్టారి పేజీలో మిగిలింది ఒక్కటే, మూడు నక్షత్రాలది. ఎవరో వారం రోజులుగా పుస్తకాలు చదువుకుంటున్నాయన రాశాడు: అక్షరాలు హాయిగా ఉన్నాయట, పడుకుని చదివితే మాత్రం మణికట్టు లాగేస్తోందట. బరువు అర కిలో దాటింది. గడిలో "పోదు" అని మాస్టారే రాశారు. ఆయన చదివేది పడక కుర్చీలో.

మూలనున్న చచ్చిపోయిన పదకొండంగుళాల ట్యాబ్ ఒకటి తీసి చేతికిచ్చాను, బరువు దాదాపు అంతే. స్టూలు మీద వెనక్కి వాలి పట్టుకున్నారు. నాలుగు నిమిషాలకి అది మెల్లగా పొట్ట మీదకి దిగింది. "ఒరేయ్, ఇది రెండ్రోజులు ఇంటికి పట్టుకెళ్తా. ఎనిమిదంగుళాలది చచ్చింది ఇంకోటుంటే అదీ ఇవ్వు."

రెండూ సంచీలో వేసిచ్చాను. ఇవాళ్టికి అయిదో రోజు, ఇంకా తేలేదు.