మడమలు పట్టే కుక్కకి "పడుకో" ఇలా నేర్పి చూడండి

బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్ లాంటి మందలు కాసే జాతి కుక్కని పెంచేవాళ్లకి ఈ తలనొప్పి తెలిసిందే. పిల్లలు పరుగు తీయడం ఆలస్యం, వెనకాలే ఉరికి మడమలు పట్టబోతుంది. అరిస్తే ఇంకా రెచ్చిపోతుంది, దానికి అదీ ఆటే.

మా దానికి బాగా పనిచేసింది ఇది. దానికిష్టమైన తిండిని శనగగింజంత ముక్కలు చేసుకోండి. "పడుకో" అనగానే పడుకోవడం వచ్చాక, మీరు ఒక్క అడుగు పక్కకి వేయండి. అది కదలకపోతే ముక్కని ముందుకాళ్ల మధ్య నేల మీదే పెట్టండి. చేత్తో దూరం నుంచి చూపిస్తే లేచి వచ్చేస్తుంది, అక్కడే చాలామందికి పని చెడుతుంది. తర్వాత మూడు అడుగులు, ఆపైన వడివడి నడక, చివరికి పరుగు. పూటకి 5 నిమిషాలు, రోజుకి రెండు పూటలు చాలు. లేచిందా, తిట్టకుండా ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. మీ పరుగుకి కదలకుండా ఉన్నప్పుడే పిల్లలతో మొదలుపెట్టండి, అదీ కుక్కకి పొడవాటి తాడు కట్టి.

ఒక్క జాగ్రత్త: తల దించి, ఒళ్లు బిగబట్టి, రెప్ప వేయకుండా చూస్తోందంటే ఇక మాట చెవికెక్కదు. ఆలోపే "పడుకో" అనాలి. అప్పటికే ఆలస్యమైతే కుక్కని పిలవడం మానేసి, పిల్లల్ని కదలకుండా నిలబడమనండి.