డి విటమిన్ గోలీలు వాడినా లెవెల్ పెరగలేదు, ఇలా సరిచేశాను (నా అనుభవం)

రిపోర్టులో 25-హైడ్రాక్సీ విటమిన్ డి (రక్తంలో డి విటమిన్ ఎంతుందో చెప్పే పరీక్ష) మిల్లీలీటరుకు 11 నానోగ్రాములు. 20 కంటే తక్కువైతే లోపం కిందే లెక్క. డాక్టర్ రాసింది 60,000 ఐయూ (విటమిన్ మోతాదు కొలిచే అంతర్జాతీయ యూనిట్లు) గోలీ, వారానికి ఒకటి, 8 వారాలు. కోర్సు అయ్యాక చూస్తే 14! మందు మంచిదే. వేసుకునే పద్ధతే తప్పు: పొద్దున్నే పరగడుపున, మంచినీళ్లతో.

ఎ, డి, ఇ, కె నాలుగూ కొవ్వులో కరిగేవి. తిండిలో నూనో నెయ్యో ఉంటేనే పేగుల్లోకి పిత్తరసం బాగా దిగుతుంది, దాంతో కలిస్తేనే ఇవి సరిగ్గా ఒంటబడతాయి. అందుకే రెండోసారి, డాక్టర్‌ని అడిగే, ఆదివారం మధ్యాహ్నానికి మార్చాను. వేడి పప్పన్నంలో రెండు చెంచాల నెయ్యి, ఆఖరి ముద్ద అవగానే గోలీ. పొడి సాచెట్ అయితే గ్లాసుడు చిక్కటి పాలలో కలపాలి, వెన్న తీసిన పాలు వద్దు. మూడు నెలలకు అదే ల్యాబులో 34.

వేసుకున్న రోజు క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకోండి. వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ మింగేసేవాళ్లు ఉన్నారు. సి విటమిన్ ఎక్కువైతే మూత్రంలో పోతుంది, డి అలా పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, దాహం, మలబద్ధకం, ముదిరితే కిడ్నీలకే దెబ్బ.

మాదాపూర్ ఆఫీసులో కిటికీ పక్క సీటు ఎండ కిందికి రాదు, చర్మంలో డి విటమిన్ తయారయ్యేలా చేసే యూవీ-బి కిరణాలను అద్దం ఆపేస్తుంది. 11 నుంచి 2 లోపు కాసేపు బయటికే పోవాలి. బరువు తగ్గడానికి ఆర్లిస్టాట్ (తిన్న కొవ్వు ఒంటబట్టకుండా ఆపే మందు) వాడేవాళ్లయితే దానికీ విటమిన్‌కీ కనీసం 2 గంటల ఎడం ఉంచండి.